మోడరేటర్ కుర్చీకి హోదా చాలదు

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోదావరి డెల్టాలో వరి, ఆక్వా రైతులకు సాంకేతిక సలహాలిచ్చే పని నాది. మన సదస్సుల్లో ప్యానెల్ చర్చలు నడిచే తీరు గురించి మీకొక విన్నపం.

ఈమధ్య ఒక సదస్సులో మురుగు కాలువల మీద చర్చ పెట్టారు. మాకు ఇది బతుకు సమస్య. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌కి క్రాప్ హాలిడే (పంట విరామం) ప్రకటించేదాకా వెళ్లిన కష్టాల్లో చేలల్లో నీరు లాగకపోవడం కూడా ఉంది. ఆ రోజు వేదిక మీద ఏడుగురు కూర్చున్నారు. అందరిలో పెద్ద అధికారి కాబట్టి ఒకాయన్ని చర్చ నడిపే మోడరేటర్‌ని చేశారు. ఆయన బయోడేటాలన్నీ చదివి, ఒక్కొక్కరి ముందుకీ మైకు జరిపి "మీరూ రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. ప్రశ్నంటూ ఒక్కటీ వేయలేదు. మధ్యలో ముఖ్య అతిథి రావడంతో శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. చివరికి సముద్రం దాపు ఊరి రైతొకాయన లేచి, "పోటుకి మా డ్రెయిన్లోకి ఉప్పునీరు ఎగదన్నుతోందండి, ఆ గేట్లు ఎవరు చూస్తారండి?" అని అడిగారు. భోజనాల టైమయింది, తర్వాత విడిగా మాట్లాడుకోమన్నారు. జవాబు చెప్పాల్సిన ఇంజనీరు గారు ఆ వేదిక మీదే ఉన్నారు. నాకు చాలా బాధేసింది.

మోడరేటర్ పని సభకు ముందే మొదలవ్వాలి. వక్తలందరికీ ఫోన్ చేసి ఎవరు ఎక్కడ విభేదిస్తారో తెలుసుకోవాలి. కాలువలకు జూన్ మొదట్లోనే నీళ్లిస్తే తుఫాన్లకు ముందే కోతలవుతాయని రైతులంటారు. కాలువ పనులు పూర్తికాకుండా ఎలా వదలమంటారని ఇంజనీర్లంటారు. ఈ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, "ఆయన ఇలా అంటున్నారు, మీరేమంటారు?" అని పేరుపెట్టి అడగాలి. జవాబు దాటేస్తే అదే ప్రశ్న మళ్లీ వేయాలి. వక్తలు 4 చాలు, స్లయిడ్లు వద్దు. గంట చర్చలో 20 నిమిషాలైనా సభికులకే ఉంచాలి. వాళ్ల మైకు వాలంటీరు చేతిలోనే ఉండాలి. ఎవరైనా ఉపన్యాసం అందుకుంటే "మీ ప్రశ్న చెప్పండి" అని మర్యాదగా ఆపాలి. ఎంత పెద్దవారైనా సరే, ఆపాల్సిందే.

ఇది తెలిసినవాళ్లు మీ శాఖలోనే ఉన్నారు. రైతులకు పొలంలోనే నేర్పే పొలంబడిలో గట్టు మీద రైతుల్ని కూర్చోబెట్టి, పురుగు చూపించి, "ఇదేంటి? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటి?" అని వాళ్లచేతే చెప్పించే సిబ్బంది వాళ్లే. పై అధికారిని ఆపే అధికారం రాతపూర్వకంగా ఇచ్చి, వాళ్లని మోడరేటర్లుగా కూర్చోబెట్టండి. మార్టేరు వరి పరిశోధన స్థానంలో శాస్త్రవేత్తలతో కలిపి వాళ్లకు శిక్షణ కూడా ఇప్పించండి.

శాఖ నిధులతో జరిగే సదస్సుల్లో సన్మానాలు చర్చ మధ్యలో పెట్టొద్దని ఉత్తర్వు ఇవ్వండి. మీరు వచ్చేసరికి చర్చ నడుస్తుంటే దయచేసి వేదికెక్కకుండా ముందు వరుసలో కూర్చుని వినండి. మంత్రిగారే కింద కూర్చుని వింటే మిగతా పెద్దలెవరూ మైకు అడగరు.

ఇట్లు,
డెల్టా రైతుల మధ్య పనిచేసే ఒక వ్యవసాయ సలహాదారు