చందా పుస్తకంలో లేని పేరు

సంపాదకులకు,

ఆదోని మార్కెట్ యార్డులో హమాలీగా పత్తి మూటలు మోసిన మా నాన్నకు కిడ్నీ మార్పిడి జరిగి ఏడాది దాటింది. కిడ్నీ ఇచ్చింది మా అమ్మ. అంతకుముందు వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసి కర్నూలు పెద్దాసుపత్రికి పోయేవాళ్లం.

ఆపరేషన్ హైదరాబాద్‌లో. ఆరోగ్య కార్డు కొంత ఆదుకుంది. మిగతాదానికి చందాలే దిక్కయ్యాయి. యార్డు హమాలీలు తలా 200 వేశారు. పెళ్లి చదివింపులు రాసినట్టే ఒక నోటు పుస్తకంలో పేరు, ఊరు, మొత్తం రాసుకున్నాను. రేపు వాళ్లింట్లో కార్యం వస్తే తిరిగి పెట్టాలి కదా. టీ కొట్టు ముసలాయన మాత్రం 50 చేతిలో పెట్టి పేరు రాయొద్దని వెళ్లిపోయాడు.

వెనక పేజీల్లో ఖర్చులు రాశాను. రక్త పరీక్షలు, స్కానింగులు, బస్సు చార్జీలు, ఆసుపత్రి పక్కన గది అద్దె, మందులు. అమ్మానాన్నలు భార్యాభర్తలేనని రుజువు చూపించడానికి తిరిగిన తిరుగుడు వేరే. వాళ్ల పెళ్లికి సర్టిఫికెట్ లేదు, ఉన్నదల్లా ఒక్క నలుపు తెలుపు ఫొటో. అన్నీ రాశాను గానీ అమ్మ కూలి రాయాలని నాకు తట్టనే లేదు. ఆమె జిన్నింగ్ మిల్లులో రోజుకు 400కి పనిచేసేది. పరీక్షలకు పోయిన ప్రతిసారీ ఆ కూలి పోయింది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు బరువులెత్తొద్దన్నారు. మూడో వారానికే మిల్లుకు పోతానని చెప్పులేసుకుంది. వద్దని గట్టిగా అరిచాను. గడపలో కూర్చొని ఆ పుస్తకం తిప్పుతూ, "అందరి పేర్లూ రాసినావు, నా పేరేదిరా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ కూలి డబ్బులు చందాగా అడుగుదామంటే, కిడ్నీ ఇచ్చినవాళ్లకు డబ్బిస్తే కేసవుతుందని ఒక పెద్దమనిషి భయపెట్టాడు. ఆ టెన్షన్‌తో చట్టం వెతికి చదివాను. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం ప్రకారం అవయవం అమ్మడం, కొనడం నేరమే. కానీ అవయవం ఇచ్చినందువల్ల దాతకు అయిన ఖర్చు, పోయిన సంపాదన ఇస్తే, సమంజసమైన మేరకు అది ఆ నేరం కిందికి రాదని అదే చట్టం చెబుతోంది. చట్టం ఒప్పుకున్నదాన్ని ఇచ్చేవాళ్లే లేరు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అవయవదానం చేస్తే 42 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఇస్తామని 2023లో ఉత్తర్వు వచ్చింది. మంచి పని, తప్పుపట్టను. అయితే ఉద్యోగికి కోసిన కోతే కూలి మనిషికీ కోస్తారు. మా అమ్మ కూలి లెక్కన ఆ 42 రోజులకు 16,800 అవుతుంది. ఆపరేషన్‌కు అయ్యే ఖర్చు ముందు ఇదేపాటి? మన రాష్ట్రంలో మార్పిడి చేయించుకున్నవాళ్లకు 2024లో పింఛను 10,000 చేశారు. అది నాన్నకు, ఆయన జీవితాంతం మింగాల్సిన మందులకు. దాతకు మాత్రం ఏ పద్దులోనూ చోటు లేదు.

కూలి పనులు చేసుకునే దాతలకు కనీసం ఆ 42 రోజుల కూలి ఆరోగ్య పథకం ప్యాకేజీలోనే కలిపి, డిశ్చార్జి రోజున వాళ్ల ఖాతాలో వేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. మళ్లీ ఇంకో ఆఫీసు చుట్టూ తిప్పితే ఆ తిరుగుడుకే ఇంకో పది కూలీలు పోతాయి.

ఈలోగా తల్లిదండ్రుల కోసం చందాలు వసూలు చేస్తున్నవాళ్లు ఖర్చుల్లో దాత కూలి కూడా రాయండి, దాచకుండా అడగండి. మేం అడగలేదు. అడిగుంటే 200 వేసిన హమాలీలే ఇంకో 50 వేసేవాళ్లు.

– ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా