రాగిరేకుల మీద రాగం ఉంది, బాణీ లేదు

సంపాదకులకు,

భక్తిలో సంగీతం పాత్ర గురించి మన తెలుగునాట వెలువడే వ్యాసాలు, నాకు కనిపించినంతవరకు, సాహిత్యార్థం దగ్గరే ఆగిపోతున్నాయి. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలనే తీసుకుందాం. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు చెక్కి ఉంది గాని, ఏ స్వరాలతో పాడాలో తెలిపే స్వరలిపి లేదు. నేడు మనం వింటున్నవి ఇరవయ్యో శతాబ్దిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, ఆ తరువాతి విద్వాంసులు కూర్చిన బాణీలు. అవి మధురమైనవే; అయితే స్వయంగా అన్నమయ్య పాడినవి అవేనని గట్టిగా నమ్మే భక్తులు ఎందరో ఉన్నారు, ఆ నమ్మకం కూడా పరిశోధించదగిన విషయమే.

రాగం పేరొక్కటే చూసి నాటి నాదాన్ని ఊహించలేము. 1550 నాటి స్వరమేళకళానిధి అనే సంగీతశాస్త్ర గ్రంథంలో రామామాత్యుడు ముఖారి రాగాన్ని శుద్ధస్వరాల మేళంగా (రాగాలకు మూలమైన స్వరసముదాయంగా) చెప్పాడు, అంటే నేటి కనకాంగి మేళానికి సమానం. ఇప్పటి ముఖారి, వేరే స్వరాలున్న ఖరహరప్రియ మేళం నుంచి పుట్టిన జన్యరాగం. అటువంటప్పుడు రేకుమీది ముఖారిని విని ఆనాటి శ్రోత పొందిన అనుభూతి ఏమిటన్నది తేలికగా తేలే ప్రశ్న కాదు.

సంకీర్తనల రచనా నియమాలు చెబుతూ అన్నమయ్య సంస్కృతంలో రచించిన ‘సంకీర్తన లక్షణం’ అనే గ్రంథం మూలం లభించకపోయినా, మనుమడు చినతిరుమలాచార్యుల తెలుగు రూపం మనకు మిగిలింది. సంగీత కళాశాలల్లో దానిని పాఠ్యంగా చేర్చాలనీ, పల్లెల భజన గోష్ఠులలోని వృద్ధ గాయకుల పాటలను వారుండగానే ధ్వనిముద్రణ చేయించాలనీ మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తిరుపతి