కొత్త ఓట్ల నమోదు, ఈ ఆదివారం

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున పదింటికి గుడి పక్కన టేబుల్ వేస్తున్నాం, 18 నిండిన పిల్లల్ని పంపండి. 17 దాటినవాళ్లూ ముందే ఫారం 6 (కొత్త ఓటు దరఖాస్తు) ఇవ్వొచ్చు. 18 ఎప్పటికి నిండాలో చూడ్డానికి ఇదివరకులా జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా లెక్కే. ఫొటో, పుట్టిన తేదీకి టెన్త్ మెమో, అడ్రసుకి కరెంటు బిల్లు తెండి, బిల్లు నాన్న పేరు మీదున్నా పర్లేదు. ఫోన్లోనే నింపేస్తాం.

పెళ్లయి మన వీధికొచ్చిన కోడళ్లకి పుట్టింట ఓటుంటే అడ్రసు మార్పుకి ఫారం 8 పెట్టాలి. మళ్లీ 6 పెడితే రెండుచోట్ల పేరు పడుతుంది, చట్టం ఒప్పుకోదు.

అసలు ఓటు లేనివాళ్లు ఈ గ్రూపులో లేరు కదా! వెనక సందులో అద్దెకుండేవాళ్లు, హాస్టల్ పిల్లలు, వీళ్లకి ఫార్వర్డులు చేరవు, సాయంత్రం ఇద్దరిద్దరుగా తలుపు తట్టాల్సిందే. పార్టీ కండువాలు వద్దు, ఎవరికేస్తావని అడగడం అసలే వద్దు (మన రాజకీయాలు టీ కొట్టు దగ్గర చూసుకుందాం). అప్లై చేశాక వచ్చే రెఫరెన్స్ నంబర్ స్క్రీన్‌షాట్ తీయించండి. వివరాలు సరిచూడ్డానికి బీఎల్‌ఓ (మన పోలింగ్ బూత్ అధికారి) వచ్చినప్పుడు ఇంటికి తాళముంటే పని ఆగిపోవచ్చు, పక్కింట్లో చెప్పి ఉంచమనండి. డౌట్లుంటే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయొచ్చు.

ఎవరెవరు వస్తున్నారో పేర్లు పెట్టండి, ఒక లాప్‌టాప్ కూడా కావాలి.