మీ నాన్న సంగతి, నీ రీసెర్చ్ సంగతి

తల్లీ,

మొన్న ఫోన్లో నీ రీసెర్చ్ టాపిక్ చెప్పేటప్పుడు గొంతు తగ్గించావు. "మెదడు మీదమ్మా, ఒకరకం అలవాట్ల మీద" అన్నావు. ఏం అలవాట్లే అంటే కాసేపు ఆగి, "సెక్స్ విషయంలో తమని తాము ఆపుకోలేనివాళ్లుంటారు కదా, వాళ్ల మెదడులో ఏం జరుగుతుందో చూడటం" అని గబగబా చెప్పేసి, భోంచేశావా అని మాట మార్చావు. చేశానని నేనూ పెట్టేశాను. ఆ తర్వాత చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటి ఆరేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. నోటితో చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

రాయనా అని మీ నాన్నని అడిగాను. ఆ రోజంతా ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మాత్ర నోట్లో వేసుకుంటూ, "రాయి, దాని చదువుకి పనికొస్తుందేమో" అన్నారు.

నీకు గుర్తుందా, డిగ్రీ రెండో ఏడు సెలవులకి వచ్చినప్పుడు, "అమ్మా, నువ్వు హాల్లో ఎందుకు పడుకుంటున్నావు?" అని అడిగావు. గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోందన్నాను. నువ్వు స్టూలెక్కి ఫ్యానుకి నూనె కూడా వేశావు. ఫ్యాను బాగానే ఉంది తల్లీ.

అప్పటికి మీ నాన్నకి పార్కిన్సన్స్ అని తెలిసి రెండేళ్లు. చెయ్యి వణుకు తగ్గడం లేదని డాక్టరు ఒక మాత్ర డోసు పెంచారు. వణుకు నిజంగానే తగ్గింది. చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటున్నారని నేను సంబరపడ్డాను. ఆర్నెల్లు తిరక్కుండా మనిషి మారిపోయారు. పగలూ రాత్రీ లేకుండా నా వెంటపడేవారు. కాదంటే అలిగేవారు, కసిరేవారు. రాత్రుళ్లు ఫోన్లో ఆ వీడియోలు. డబ్బు కట్టి ఆడవాళ్లతో మాట్లాడే యాప్‌లు ఉంటాయని బ్యాంకు మెసేజ్‌లు చూశాకే నాకు తెలిసింది. అన్నేళ్ల కాపురంలో పరాయి ఆడదాన్ని తలెత్తి చూడని మనిషి! "ఈ వయసులో ఇదేం పోయేకాలం" అన్నాను. ఆ ఒక్క మాటే కాదు, ఇంకా చాలా అన్నాను. తర్వాత మాట్లాడటం మానేసి హాల్లో పక్క వేసుకున్నాను.

ఒక రాత్రి రెండింటికి మంచినీళ్లకని లేచాను. గది తలుపు ఓరగా తీసి ఉంది. మంచం అంచున కూర్చుని ఉన్నారు, ఫోన్ వెలుగు మొహం మీద పడుతోంది. ఎడమచేతి బొటనవేలితో తెర పైకి తోస్తున్నారు. ఒకటి సగం చూడకముందే ఇంకోటి, అది వదిలేసి మరోటి. పట్టుకుని కడిగేద్దామనే నిలబడ్డాను. కానీ ఆ మొహంలో సంతోషమన్నది లేదు. తాళంచెవి పారేసుకుని, వెతికిన చోటే మళ్లీ మళ్లీ వెతికే మనిషి మొహంలా ఉంది. పార్కిన్సన్స్‌లో మొహం బిగుసుకుపోతుందంటావేమో. అది నాకూ తెలుసు. అయినా అన్నేళ్లు చూసిన మొహం, ఆ మాత్రం తేడా తెలియదా? నేను అక్కణ్నుంచే వెనక్కి వచ్చేశాను. ఆ మొహం సంగతి ఎందుకు చెప్తున్నానో కాస్త ఆగితే తెలుస్తుంది.

ఆ తర్వాత చాలా నెలలకి, మా డాక్టరు సెలవులో ఉంటే వేరే ఆవిడ చూశారు. నీకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. చెయ్యి చూసింది, నడక చూసింది, ఆఖర్న ఫైలు మూస్తూ మామూలుగా అడిగింది: "ఈమధ్య ఖర్చు పెట్టడంలో, తినడంలో, పందేల్లో, సెక్స్ విషయంలో మీకే ఎక్కువైందనిపిస్తోందా?" బీపీ ఎంతుందని అడిగినట్టే అడిగింది. మీ నాన్న నేల చూపులు చూశారు. నేను చెప్పాను. ఆ పిల్ల మొహంలో ఏమీ మారలేదు. మూసిన ఫైలు మళ్లీ తెరిచి, డోసు పెంచిన తేదీ మీద పెన్ను పెట్టి నావైపు తిప్పింది. నేను హాల్లోకి మారిన నెల వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

ఆ మాత్ర ప్రామిపెక్సోల్, మెదడులో డోపమిన్ అనే రసాయనం చేసే పనిని అది చేస్తుంది. నీకు తెలిసిందే అయినా, నాకు ఆవిడ చెప్పిన తీరు బాగుంది కాబట్టి రాస్తున్నాను. పార్కిన్సన్స్‌లో డోపమిన్ తయారుచేసే కణాలు చచ్చిపోతాయి, కదలికలు చూసుకునే భాగానికి ముందు కరువొస్తుంది. కోరికని చూసుకునే భాగం, అదే వెంట్రల్ స్ట్రయాటమ్, మొదట్లో అంతగా దెబ్బతినదు. ఎండిన మడికని నీళ్లు వదిలితే పక్కనున్న తడి మడి మునిగిపోయినట్టు, చేతికి సరిపడే డోసు అక్కడ ఎక్కువైపోతుంది. పైగా ఈ మందు అతుక్కునే డి3 రిసెప్టర్లు, అంటే డోపమిన్‌ని అందుకునే గూళ్లు, ఆ చుట్టుపక్కలే ఎక్కువ. 2010లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో 3,090 మంది పార్కిన్సన్స్ పేషెంట్లని అడిగితే 13.6 శాతం మందిలో ఇలాంటి అదుపు తప్పడం ఏదో ఒకటి కనిపించింది, సెక్స్ విషయంలో 3.5 శాతం. ఈ రకం మందు వేసుకునేవాళ్లలో, వేసుకోనివాళ్లకంటే రెండు రెట్లు పైగా.

మందు ఒక్కసారిగా ఆపకూడదన్నారు. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. ఆ రోజులు మాత్రం శత్రువుకి కూడా వద్దు. చెమటలు, దిగులు, ఊరికే ఏడుపు. మూడు నాలుగు నెలలకి ఫోను దానంతటదే బల్ల మీద ఉండిపోయింది. బొత్తాలు మళ్లీ నేనే పెడుతున్నాను.

డోపమిన్ అని తెలియగానే నా కోపం పోయిందనుకుంటున్నావా? పోలేదు. కారణం తెలియడం వేరు, పడ్డ బాధ పోవడం వేరు. మీ ల్యాబుల్లో ఆ రెండోదాన్ని కొలిచే మిషను ఉన్నట్టు లేదు.

అప్పటినుంచి దొరికిందల్లా చదివాను. పిల్లలకి బయాలజీ చెప్పినదాన్ని కదా. (పునరుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అన్న టీచర్లలో నేనూ ఉన్నాను. ఆ పాపం ఇలా తీర్చుకుంటున్నాననుకో.) అన్నిట్లో నన్ను పట్టుకున్నది ఎలుకల కథ. 1954లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులో సన్న తీగ పెట్టి, మీట నొక్కితే కరెంటు తగిలేలా చేశారు. అది గంటకి వందలసార్లు నొక్కింది. అది సుఖకేంద్రమని చాలాకాలం అందరూ అనుకున్నారు. తర్వాత మిషిగన్‌లో కెంట్ బెర్రిడ్జ్ ఎలుకల మొహాలు చూశాడు. నాలుక మీద తీపి పడితే ఎలుక పెదాలు నాక్కుంటుంది, పసిపిల్లల్లాగే. డోపమిన్ దాదాపు మొత్తం తీసేసిన ఎలుకలు తిండి జోలికి పోలేదు, వదిలేస్తే ఆకలితో చచ్చేవే. కానీ తీపి నాలుక మీద వేస్తే మాత్రం పెదాలు నాక్కున్నాయి! అంటే కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. డోపమిన్ నడిపేది మొదటిదాన్ని. 1993లో ఆయనా టెర్రీ రాబిన్సనూ కలిసి వ్యసనాన్ని ఇలాగే వివరించారు: వాడేకొద్దీ కావాలనడం పెరుగుతుంది, బాగుందనడం పెరగదు.

అది చదివినప్పుడు నాకు ఆ రాత్రి రెండు గంటల మొహం కళ్ల ముందుకొచ్చింది. పుస్తకం పక్కన పెట్టేశాను.

నీ టాపిక్‌లో అందరూ చెప్పే 2014 కేంబ్రిడ్జ్ పేపరు కూడా చదివాను, వలెరీ వూన్ వాళ్లది. ఈ సమస్య ఉన్న 19 మంది, లేనివాళ్లు 19 మంది. స్కానర్లో పడుకోబెట్టి వీడియోలు చూపిస్తే మొదటివాళ్లలో వెంట్రల్ స్ట్రయాటమ్, అమిగ్డలా, డోర్సల్ యాంటీరియర్ సింగులేట్ అనే మూడు మెదడు భాగాలు ఎక్కువగా స్పందించాయి. కోరిక ఎక్కువ కలిగిందని చెప్పారు. నచ్చాయా అంటే మాత్రం రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా మార్కులేశాయి. 2017లో మాటెయుష్ గోలా వాళ్లు చేసినదీ అంతే. బొమ్మ చూసినప్పుడు తేడా లేదు, బొమ్మ రాబోతోందని చెప్పే గుర్తు కనబడినప్పుడే తేడా. ఇవి చదివి నేను నీలా తల ఊపలేదు, "ఔను కదా!" అని పైకే అన్నాను.

అలాగని నమ్మేసి కూర్చోలేదులే. 19 మందంటే నా క్లాసులో రెండు బెంచీలు. నికోల్ ప్రాజ్ వాళ్లు 2015లో ఈఈజీతో, అంటే తల మీద తీగలు పెట్టి మెదడు కరెంటు కొలిచే పరీక్షతో చూస్తే, సమస్య ఉందన్నవాళ్ల మెదడే తక్కువగా స్పందించింది, ఇది వ్యసనంలా లేదన్నారు వాళ్లు. బెర్లిన్‌లో 2014లో 64 మంది మగవాళ్లని చూసి, ఎక్కువ గంటలు పోర్న్ చూసేవాళ్లకి మెదడు లోపలి కాడేట్ అనే భాగంలో, కుడివైపు, గ్రే మ్యాటర్ (కణాలుండే బూడిదరంగు పదార్థం) తక్కువుందన్నారు. చూడటంవల్ల తగ్గిందా, తక్కువుండటంవల్ల చూస్తున్నారా? ఒక్కసారి తీసిన ఫొటోలో అది తేలదు, వాళ్లూ తేలిందనలేదు. బయట మాత్రం "పోర్న్ మెదడుని కరిగిస్తుంది" అని చాటింపు. 2009లో చచ్చిన సాల్మన్ చేపని స్కానర్లో పెట్టి దాని మెదడులోనూ చుక్కలు వెలిగించి చూపించారట, లెక్కలు సరిగ్గా సరిచూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి. మీ నాన్నకి చెప్తే పడిపడి నవ్వారు. ఇంకోటి, వూన్, గోలా, బెర్లిన్, ఈ మూడు స్కానింగుల్లోనూ అందరూ మగవాళ్లే. ఆడవాళ్లకి ఈ బాధ లేదా, లేక వచ్చి చెప్పుకోలేదా? అది నువ్వు పట్టుకో.

అసలు దీన్ని జబ్బు అనాలా అన్నదాని మీదే పెద్దవాళ్లకి ఒకమాట కుదరలేదు కదా. అమెరికా సైకియాట్రిస్టులు మానసిక జబ్బుల పుస్తకం డీఎస్‌ఎం-5లో (2013) చేర్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో చేర్చింది. అయితే జూదాన్ని పెట్టిన వ్యసనాల గదిలో కాదు, దొంగతనం చేయకుండా ఉండలేని క్లెప్టోమేనియా పక్కన. దాని నిర్వచనంలో ఒక వాక్యం నాకు బాగా నచ్చింది: ఇది తప్పు, పాపం అని మనసు పీకడంవల్ల మాత్రమే బాధ ఉంటే దాన్ని ఈ జబ్బుగా లెక్కించకూడదు. మంచి పని చేశారు. లేకపోతే పెళ్లీడు కుర్రాళ్లలో సగంమంది జబ్బు మనుషులని తేలేది.

నీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఏ మాత్రా ఉండదు. మీ నాన్నది మాత్ర డోసు పెంచిన తేదీ ఉన్న జబ్బు, ఆపిన తేదీ కూడా ఉంది. వాళ్లకి ఆ సుఖం లేదు. అందుకని ఆయన కథ తీసుకెళ్లి వాళ్లకి అంటించకు. నేను అడిగేది ఒక్కటే. మీ ప్రశ్నల కాగితం తయారుచేసేటప్పుడు, కుదిరితే పెళ్లాన్నో మొగుణ్నో విడిగా కూర్చోబెట్టి మాట్లాడించండి. రెండేళ్లు డాక్టరు చుట్టూ తిరిగాం, నాకు అంతా తెలుసు, నన్నెవరూ అడగలేదు. అడిగేటప్పుడు ఫోన్లో నాతో మాట్లాడినట్టు గొంతు తగ్గించకు. ఆ డాక్టరమ్మాయి గొంతు ఒక్క పిసరు తగ్గించి ఉంటే నేను "ఏమీ లేదండీ" అనేసేదాన్ని.

మీ నాన్న కూడా కింద ఒక ముక్క రాస్తానంటున్నారు. ఇచ్చాను కాగితం. ఈ జబ్బులో అక్షరాలు పోనుపోను చిన్నవైపోతాయని నీకు తెలుసు కదా. మొదటి మాట "అమ్మలూ" అని బాగానే వచ్చింది, మూడో మాటకి చీమ తలకాయలంత అయిపోయాయి. ఏం రాశారని అడిగితే నాకు చెప్పరట. భూతద్దం పెట్టి చదువుకో.

మీ అమ్మ