తిరగేసిన పూర్ణం బూరె, తీర్చేసిన కాఫీ అప్పు

ఒరేయ్ శీనూ,

మీ తాతగారి ఇంటి ఫొటో పంపి, ఇల్లు విప్పి కలప అమ్మేద్దామంటున్నారని, అడితీ ఆయన వచ్చి దూలాలు కొలుచుకుని వెళ్ళాడని రాశావు కదా. నేను దానికి ఓ థంబ్స్‌అప్ బొమ్మ పెట్టి ఊరుకున్నాను. అది జవాబు కాదురా. జవాబు చెప్పాలంటే కాఫీ దగ్గర మొదలుపెట్టాలి, ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, అందుకే ఉత్తరం.

ఇక్కడ టోక్యోకి పడమర వైపు, సైతామా జిల్లాలో, కొమా అని ఒక చిన్న ఊరు. ఇకెబుకురోలో సెయ్‌బు లైను ఎక్కి, హన్నోలో దిగి, నాలుగు పెట్టెల చిన్న రైలు మారాలి. గంటకి కాస్త అటూ ఇటూగా ప్రయాణం. టోక్యోకి తూర్పున నేనుండే నిషి-కసాయ్ నుంచి అయితే రెండు గంటలు వేసుకో. హన్నో దాటగానే మేడలు పోయి కొండలు మొదలవుతాయి, రైల్లో జనం కూడా ఫోన్లు పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తారు. స్టేషన్ బయట రెండు ఎర్రటి నిలువెత్తు స్తంభాలు, వాటి మీద గుడ్లురిమి చూసే ముఖాలు. కొరియాలో ఊరి పొలిమేరలో కాపలాకి పాతే దేవతలట. మన పోతురాజు బాపతే. కొరియా వాళ్ళకి ఇక్కడేం పని అంటావా, 716లో కొగుర్యో రాజ్యం నుంచి వలస వచ్చి అక్కడక్కడా ఉంటున్న 1,799 మందిని తెచ్చి ఈ ప్రాంతంలో కాపురం పెట్టించారు. కొగుర్యోని వీళ్ళు కొమా అనేవాళ్ళు, ఊరికి పేరు అలా వచ్చింది. పదమూడు వందల ఏళ్ళ కిందటి వలసవాళ్ళ ఊరికి, వీసా రెన్యువల్ టెన్షన్‌లో ఉన్న నేను వెళ్ళడం నాకు భలే నచ్చింది.

అసలు వెళ్ళింది పూల కోసం. అక్కడ కొమా నది ఓ మెలిక తిరిగి, మూతికి తాడు బిగించిన చేతిసంచీలాంటి ఆకారంలో నేలని చుట్టేసి పోతుంది. కించాకుదా అంటారు ఆ చోటుని. సెప్టెంబరు ఆఖర్లో అక్కడ చెట్ల కింద 50 లక్షల హిగన్‌బానా పూలు విచ్చుకుంటాయి. కుంకం రాశి పోసినట్టు ఎరుపు. ఆకు ఉండదు, నేల్లోంచి ఉత్త కాడ లేచి పైన పువ్వు, అంతే. పూలన్నీ రాలాక గానీ ఆకులు రావు, కాబట్టి ఆకు పువ్వుని చూడదు, పువ్వు ఆకుని చూడదు అని వీళ్ళు చెప్పుకుంటారు. దుంప విషం. అందుకే పూర్వం పొలం గట్ల మీదా శ్మశానాల్లోనూ నాటేవాళ్ళట, ఎలుకలూ అవీ తవ్వకుండా. ఇంటికి తీసుకెళితే ఇల్లు తగలబడుతుందని ఓ నమ్మకం కూడా ఉంది. నేను ఒక్కటీ ముట్టుకోలేదులే.

సరే, కాఫీ. మొదటిసారి ఓ సెలవు సోమవారం వెళ్ళాను. పూలు ఇంకా మొగ్గల్లోనే ఉన్నాయి, అది నా తప్పు. వెనక్కి వస్తూ పొలాల మధ్య దారి తప్పాను, అదీ నా తప్పే. అక్కడ ఓ పాత ఇల్లు కనపడింది. పెద్ద రేకుల కప్పు, ముందు కాకి పళ్ళ చెట్టు (మన కాకి కాదు, పెర్సిమన్, చూడ్డానికి టమాటాలా ఉంటుంది కదా, అదే), గోడకి ఓ చెక్క ముక్క, దాని మీద కాఫీ అని రెండు చైనా అక్షరాలు. తలుపు వేసుంది. శుక్ర, శని, ఆదివారాలు మాత్రమేనట, నాలుగింటికి ఆఖరి ఆర్డరట. ఆకలి మీద ఉన్నానేమో కోపం వచ్చింది, వారానికి మూడు రోజులు తెరిచే హోటలేమిటి అని. అక్కడే గట్టు మీద మనుషులు లేని కొట్టు ఒకటి ఉంది, చెక్క అలమారలో కూరగాయలు పెట్టి పక్కన డబ్బాలో వంద యెన్‌లు వేయమని రాసుంటుంది. రెండు వంకాయల సంచులు కొనుక్కుని ఇంటికొచ్చాను. వంకాయలు బాగున్నాయి.

పట్టుదల వచ్చి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు మనకి మహాలయ అమావాస్య, పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి నాన్న పేరు చెప్పి ఎవరికైనా ఏదైనా పెట్టరా అంది. ఇక్కడెవరికి పెట్టను, సరేలే అన్నాను.

ఈసారి తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పాలి, అక్కడే నాకు సగం ప్రాణం కుదుటపడింది. లోపల చాపల్లాంటి తతామీ నేల, పొట్టి బల్లలు, మధ్యలో నేలలోనే గుంట చేసి కట్టిన పొయ్యి. దాని పేరు ఇరొరి. పూర్వం వంటా, చలికాగడం అన్నీ అక్కడే. ఆ పొగకి పై దూలాలు నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. పొగ పట్టిన కర్రకి పురుగు పట్టదట. ఇలాంటి పాత ఇళ్ళని కొమింకా అంటారు. ఇంటి అంచున తోట వైపు పొడుగ్గా చెక్క వసారా ఉంటుంది, ఎన్‌గావా. నేను తిన్నగా వెళ్ళి దాని మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నాను. మీ తాతగారి వీధి అరుగేరా అది! నీళ్ళ బిందె ఒక్కటే తక్కువ. పక్కన పింగాణీ పంది బొమ్మ, దాని కడుపులో దోమల చుట్ట పొగలు కక్కుతోంది.

కాఫీ కాసే ఆయన్ని ఇక్కడ అందరూ మాస్టర్ అని పిలుస్తారు. మనకి మాస్టారంటే లెక్కల క్లాసు, బెత్తం గుర్తొస్తాయి కదా, నేను పిలిచిన ప్రతిసారీ నాకు నవ్వొచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. ఆయన కాఫీ చేసే పద్ధతి చూశాక నేను కళ్ళు తిప్పలేదు. కాగితం ఫిల్టరు కాదు, మిషనూ కాదు, గుడ్డ! ఓ తీగ చట్రానికి కుట్టిన దళసరి ఫ్లానెల్ గుడ్డ సంచీ. నెల్ అంటారు దాన్ని. ముదురుగా వేయించిన పొడి అందులో పోసి, సన్నమూతి కెటిల్లోంచి నీళ్ళు చుక్క చుక్కగా మొదలుపెట్టి, తర్వాత దారంలా పోస్తాడు, కెటిల్ ఎత్తడు, మాట్లాడడు. పొడి పొంగి బుడగలొస్తే ఆగుతాడు. ఒక్క కప్పుకి అయిదారు నిమిషాలు. అయ్యాక ఆ గుడ్డని కడిగి నీళ్ళలో ముంచి ఫ్రిజ్‌లో పెడతాడు, ఆరితే వాసన పడుతుందట. నాకేం గుర్తొచ్చిందో నీకు వేరే చెప్పాలా? మీ బామ్మగారు తెల్లగుడ్డలో కాఫీ వడగట్టి, మనకి స్టీలు గ్లాసుల్లో సగం సగం పోసి, "పిల్లలకి ఇంతకన్నా కాఫీ ఎందుకూ" అనడం. ఆ గుడ్డ రంగు కూడా అచ్చం ఇదే.

రుచి మాత్రం వేరే లోకం. పాల్లేవు, చికోరీ లేదు, పంచదార నువ్వు వేసుకోవచ్చు గానీ మాస్టర్ ముందు వేసుకోబుద్ధి కాదు. చిక్కగా, నూనెలా జారుతూ, చేదులో చివర కాస్త తీపి. నిజం చెప్పనా, మొదటి గుక్కకి కషాయం అనిపించింది. మూడో గుక్కకి ఒప్పుకున్నాను. అయినా పొద్దున్నే అయితే నాకు మన ఫిల్టర్ కాఫీయే కావాలి, ఇందులో రాజీ లేదు.

కాఫీతో స్వీటు కలిపి 1,200 యెన్‌లు, మన లెక్కలో ఏడు వందల రూపాయల దాకా. నేను అడిగింది మోంబ్లాన్. అంటే కురి కేకు. కురి తెలుసా, చెస్ట్‌నట్, ఆ చుట్టుపక్కల తోటలున్నాయి, సెప్టెంబరులో కాయ రాలుతుంది, పైన ముళ్ళ డొక్క. ఉడికిస్తే చిలగడదుంపకీ పనస పిక్కకీ పుట్టిన బిడ్డలా ఉంటుంది. దాని ముద్దని కారప్పూస గిద్దల్లో వత్తినట్టు సన్నగా వత్తి క్రీము మీద గుట్టగా పోస్తారు. అది అయిపోయిందన్నాడు. నా మొహం చూసి మాస్టర్ భార్య లోపలికెళ్ళి, మెనూలో లేనిది, ఓ పళ్ళెంలో రెండు ఉండలు తెచ్చి పెట్టింది. ఈ వారం ఇంట్లో చేసుకున్నాం, తిను అంది.

ఒహాగి. ఒరేయ్, అది పూర్ణం బూరెరా! తిరగేసిన పూర్ణం బూరె. మనం పూర్ణం లోపల పెట్టి బియ్యప్పిండీ మినప్పిండీ తొడుగుతామా, వీళ్ళు జిగురు బియ్యం అన్నం ముద్ద లోపల పెట్టి పూర్ణం బయట తొడుగుతారు. శనగపప్పు బదులు అజుకి అని ఎర్ర అలసందల్లాంటి గింజలు, బెల్లం బదులు పంచదార, చిటికెడు ఉప్పు, యాలకులు లేవు, నూనెలో వేయించరు. రెండో ఉండ మీద వేయించిన సోయా పిండి, కినాకో, కమ్మటి వాసన, కళ్ళు మూసుకుంటే సున్నుండ. అన్నాన్ని పూర్తిగా దంచకుండా మెతుకు తగిలేలా నలుపుతారు, దాన్ని హంగోరొషి అంటారట, అంటే సగం చంపడం! పూర్వం ఎవడో బాటసారి ఒక ఇంట్లో పడుకుంటే, రాత్రి ఆ ముసలి దంపతులు "రేపు సగం చంపుదామా, పూర్తిగా చంపుదామా" అనుకోవడం విని పారిపోయాడని ఓ కథ ఉంది. ఆవిడ ఆ కథ చెబుతూ తనే పడీ పడీ నవ్వింది.

ఎందుకు చేసుకున్నారూ అని అడిగాను. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఏడు రోజులు హిగన్. సమాధుల దగ్గరికి వెళ్ళి శుభ్రం చేసి, పోయినవాళ్ళకి ఒహాగి పెడతారు. ఆ ఎర్ర పూలకి పేరు కూడా అందుకే హిగన్‌బానా. వసంతంలోనూ ఇంకో హిగన్ వస్తుంది, అప్పుడు ఇదే ఉండని బొతమొచి అంటారు. నేను వచ్చీరాని జపనీసులో, మా దేశంలో కూడా పెద్దలకి పెట్టే పక్షం ఇదేనండీ, ఈ రోజే ఆఖరు అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. వెళ్ళి ఇంకో ఒహాగి తెచ్చి నా పళ్ళెం పక్కన వేరే చిన్న పళ్ళెంలో పెట్టి వెళ్ళింది. అది నాక్కాదని నాకు అర్థమయింది. సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఉల్లిపాయ వెయ్యలేదు కదా" అని అడిగింది.

ఇంతా చేసి లేచేసరికి కార్డు తీసుకోరు! పర్సులో ఉన్నవి మూడు వందల యెన్‌లు, మిగతా డబ్బంతా రైలు కార్డులో. ఏటీఎం స్టేషన్ వైపు నడవాలి. సిగ్గుతో చచ్చాను. మాస్టర్ చెయ్యి ఊపి, మళ్ళీ వచ్చినప్పుడు ఇవ్వు అన్నాడు. పేరు కూడా రాసుకోలేదు.

ఆ అప్పు తీర్చడానికి శనివారం మళ్ళీ వెళ్ళాను (మొత్తం మూడు సార్లయింది, టికెట్ల డబ్బుతో ఇంకో కెటిల్ కొనొచ్చు). పూలు నిండుగా విచ్చాయి, జనం కూడా అలాగే ఉన్నారు. పోయిన సంక్రాంతికి నువ్విచ్చిన అరకు కాఫీ ప్యాకెట్ ఇంకా విప్పలేదు, పట్టుకెళ్ళి ఇచ్చాను. గింజలు అరచేతిలో పోసుకుని చూసి, వాసన చూసి, ఇది లేతగా వేయించింది, నా గుడ్డకి సరిపడదేమో అన్నాడు, అయినా చేశాడు. ముగ్గురం తాగాం. పండు పులుపు ఉంది, బాగుంది అన్నాడు. మొహమాటానికి అన్నాడేమో తెలీదు, కానీ రెండో కప్పు పోసుకున్నాడు.

అప్పుడు అడిగాను, ఈ ఇల్లు ఎవరిదని. ఆవిడ పుట్టిల్లట. వాళ్ళ అమ్మానాన్నా పోయాక పదకొండేళ్ళు తాళం వేసి ఉందట. ఇక్కడ ఇలాంటివి కోకొల్లలు, 2023 లెక్కల్లో దేశం మొత్తమ్మీద 90 లక్షల ఇళ్ళు ఖాళీ, వంద ఇళ్ళలో దాదాపు పద్నాలుగు. కూల్చేసి స్థలం అమ్మేద్దామనే వచ్చారట. కూల్చేవాడు రావడానికి వారం పడుతుందంటే, ఆ వారం ఊరికే కూర్చోలేక ఊడ్చి తుడిచి, పొయ్యి రాజేసి కాఫీ పెట్టుకున్నారట. అంతే. ఎంత ఖర్చయిందని అడిగాను, నీ కోసమే అడిగాను. నేల చెక్కలు, వంటిల్లు, బాత్రూమ్, ఈ మూడే మార్చాడు. గడ్డి కప్పు మీద రేకులు మామగారి కాలంలోనే వేశారు. మిగతాదేదీ ముట్టుకోలేదు. లాభమా అంటే నవ్వి, పింఛను వస్తుంది కాబట్టి నడుస్తోంది అన్నాడు. అందుకని నిన్ను కోనసీమలో కాఫీ కొట్టు పెట్టమనడం లేదురా, నీకు పాలు కాచడం కూడా రాదు.

కానీ ఆ టేకు స్తంభాలు ఒకసారి లారీ ఎక్కితే మళ్ళీ దొరకవు. మండువాలో వాన పడుతుంటే చుట్టూ కూర్చుని మనం పేకాడిన ఇల్లు, దానికి కారుతున్నది పెంకుల దగ్గరే కదా? మీ బాబాయిగారితో గట్టిగా మాట్లాడకు, ఆయనకి కూతురి పెళ్ళి అప్పుందని నాకూ తెలుసు. సంక్రాంతి దాకా బయానా తీసుకోవద్దని మాత్రం అడుగు. నేను జనవరి 10కి వస్తున్నాను. ఈలోగా పెంకులు సర్దడానికి ఎంతవుతుందో కనుక్కో, అందులో సగం నాది. వంటింటి వైపు దూలానికి చెద పట్టిందో లేదో టార్చి వేసి చూసి ఫొటో పంపు, పోయినసారి ఫొటోలో అంతా నీ వేలే పడింది.

మీ బామ్మగారికి ఆ గుడ్డ ఫిల్టరు ఒకటి కొన్నాను. వాడాక ఎండలో ఆరేయకూడదు, నీళ్ళలో ఉంచాలి అని ఇప్పట్నుంచే చెప్పి పెట్టు. వింటారని కాదు.

ఉంటానురా,
నీ రవి