లోపలి రోడ్లని వెడల్పు చేయొద్దు, సైకిళ్ళకి వదలండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ జిల్లా పేజీలో టూరిజం గురించి ఏం వచ్చినా రోప్‌వే, రిసార్టు, బోటింగు, నాలుగు లైన్ల రోడ్డు, ఇవే ఉంటాయి. అవి వద్దని నేను అనడం లేదు గానీ తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కొత్తగా ఏమీ కట్టక్కర్లేకుండా ఇప్పటికే చేతిలో ఉన్నదాని గురించి మాత్రం ఎవరూ రాయడం లేదు, అందుకే ఈ ఉత్తరం. నేను చెప్పేది మన ఊళ్ళ లోపలి రోడ్ల గురించి. చెరువుకట్టని ఆనుకుని ఒక్క కారు మాత్రం పట్టే తారు రోడ్డు, రెండు పక్కలా చింతచెట్లు, పొద్దున పూట పాల ఆటో, స్కూలు పిల్లలు, గొర్రెల మంద, అప్పుడో ఇప్పుడో ఒక పల్లెవెలుగు బస్సు, అంతకుమించి ట్రాఫిక్ లేని రోడ్లు. వెనక క్యారియర్‌కి బ్యాగు కట్టుకుని నిదానంగా తొక్కుకుంటా పోయి, రాత్రికి ఏదో ఒక ఊళ్ళో పడుకుని మర్నాడు ఇంకో దారిలో తిరిగొచ్చే సైకిల్ టూరింగ్‌కి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి.

మన దగ్గర చెరువూ కోనా పక్కపక్కనే ఉండడం ఊరికే జరిగింది కాదు. శేషాచలం కొండలు, నగరి కొండలు గట్టి రాతి అంచులతో గోడల్లాగా నిలబడి ఉంటాయి, భూగర్భ శాస్త్రం వాళ్ళు ఇక్కడి రాయికి నగరి క్వార్ట్‌జైట్ అని మన ఊరి పేరే పెట్టుకున్నారు. ఆ అంచు మీదనుంచి నీళ్ళు దూకే చోటల్లా ఒక కోన, తలకోన, కైలాసకోన, సింగిరికోన, సత్యవేడు వైపు ఉబ్బలమడుగు. ఆ నీళ్ళు వంకల్లో పడి కిందికొచ్చే చోట రెండు గుట్టల మధ్య కట్ట వేసి చెరువు చేసుకున్నారు మన పెద్దలు. అంటే ఒక పూటలో చెరువు నుంచి కోనకి, కోన నుంచి ఇంకో చెరువుకి సైకిల్ మీద పోవచ్చు. కార్లో ఏసీ వేసుకుని పోతే ఈ వరస కనబడదు, తలకోనలో దిగి ఫొటో తీసుకుని వచ్చేస్తారు అంతే, నీళ్ళు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయో తొక్కేవాడి కాళ్ళకి తెలుస్తుంది.

రాయలచెరువు తీసుకోండి. రామచంద్రాపురం మండలం, తిరుపతి నుంచి 20 కిలోమీటర్ల లోపే. కృష్ణదేవరాయల కాలం నాటి చెరువని చెప్తారు. 2021 నవంబర్‌లో ఆ కుండపోత వానలకి కట్టకి గండి పడేలా ఉందని కింద పల్లెలన్నీ ఖాళీ చేయించారు, ఆ వారం రాష్ట్రమంతా దాని పేరు టీవీల్లో విన్నది, తర్వాత అందరూ మర్చిపోయారు. కానీ వానలు బాగా పడిన సంవత్సరం డిసెంబర్ పొద్దున కట్ట మీద నిలబడి చూస్తే ఒక పక్క కొండ దాకా నీళ్ళు, ఇంకో పక్క కళ్ళు పట్టనంత వరి. తెల్ల కొంగలు, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటా రాళ్ళ మీద కూర్చోనుంటాయి, సైకిల్ చప్పుడుకి లేచిపోవు, అదే బైకు వస్తే మొత్తం గుంపు ఒక్కసారిగా లేచిపోతుంది. అక్కడినుంచి వెదురుకుప్పం మీదుగా కార్వేటినగరం వైపు పోయే రోడ్లు నాకు ఈ జిల్లాలన్నిట్లో చాలా ఇష్టం. కార్వేటినగరంలో వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి చూసుకుని అవతల కృష్ణాపురం ప్రాజెక్టు దాకా పోవచ్చు.

ఆ వైపు పోతా ఉంటే చలికాలంలో బెల్లం వాసన ముందు తగులుతుంది, పొగ తర్వాత కనిపిస్తుంది. చెరుకు పిప్పి ఎండబెట్టి దాన్నే పొయ్యిలో వేసి మంట పెడతారు, పెద్ద పెనంలో రసం మరుగుతా ఉంటే ఒకాయన పొడుగు గరిటెతో మురికి నురగ తీసి పక్కన డబ్బాలో పోస్తా ఉంటాడు, పాకం రంగు చూసి ఒక చుక్క నీళ్ళల్లో వేసి వేళ్ళతో ఉండ కట్టి చూస్తాడు, ఉండ గట్టిగా నిలబడితే మంట తగ్గించమంటాడు. ఒకసారి నేను అక్కడ ఆగితే "యాడినుంచి వస్తా ఉండారు సామీ" అని అడిగి, తిరుపతి నుంచి అంటే "సైకిలు మీదనా, కూసో నాయనా కాళ్ళు నొప్పి పుట్టుంటాయి" అని మంచం చూపించి లోటా నిండా చెరుకురసం పోసిచ్చారు, డబ్బులు ఇయ్యబోతే కోపం చేసుకున్నారు. కారు ఆపి దిగినవాడికి ఈ మర్యాద ఉండదని కాదు, కారు అక్కడ ఆగనే ఆగదు, అదీ విషయం.

మా అమ్మాయి అమెరికాలో ఇథాకా అనే ఊళ్ళో చదివేటప్పుడు నేను పోయి కొన్నాళ్ళు ఉన్నాను. న్యూయార్క్ రాష్ట్రంలో ఆ ప్రాంతాన్ని ఫింగర్ లేక్స్ అంటారు, 11 సరస్సులు, చేతివేళ్ళ మాదిరి పొడుగ్గా ఉంటాయి, వాటిల్లో పెద్దవి సెనెకా, కయూగా ఒక్కోటి 60 కిలోమీటర్ల దాకా పొడుగు, మంచుయుగంలో గ్లేసియర్లు తొలిచిన లోయలవి. పక్కన వాట్కిన్స్ గ్లెన్ అని ఒక కోన ఉంది, ఇరుకు రాతి సందులో ఒకదాని వెనక ఒకటి 19 జలపాతాలు. అక్కడ జనం సైకిళ్ళ మీద బ్యాగులు తగిలించుకుని చెరువుకీ చెరువుకీ మధ్య పల్లె రోడ్లలో తిరుగుతా ఉంటారు, వయసైనవాళ్ళు కూడా. రాష్ట్రం వాళ్ళు కొన్ని రోడ్లకి సైకిల్ బొమ్మ, నంబరు ఉన్న బోర్డులు పెట్టారు. ఆ ప్రాంతంలో గొప్పగా చెప్పుకునే టాఘానక్ జలపాతం ఎత్తు 215 అడుగులు, నయాగరా కన్నా ఎత్తని చెప్పుకుంటారు. మన తలకోన 270 అడుగులు! నాకు అక్కడ నిలబడి అసూయ కలగలేదు, మన రోడ్లు గుర్తొచ్చి బాధ కలిగింది, ఎందుకంటే వాళ్ళు దాచుకున్నది మనం పోగొట్టుకునే పనిలో ఉన్నాం.

పోగొట్టుకోవడం అంటే ఏందంటే, లోపలి రోడ్డుని ఎవరైనా అభివృద్ధి చేస్తామన్నారంటే మొదట చేసే పని చింతచెట్లు కొట్టడం. యాభై అరవై ఏళ్ళ చెట్టు ఒక పూటలో పడిపోతుంది. రోడ్డు వెడల్పు కాగానే గ్రావెల్ టిప్పర్లు షార్ట్‌కట్ అని ఆ దారి పడతాయి, ఒక టిప్పర్ పక్కనుంచి పోతే ఆ గాలికే సైకిల్ ఊగిపోతుంది, ఆ రోడ్డులోనే తొమ్మిదో తరగతి ఆడపిల్లలు హైస్కూలుకి సైకిళ్ళ మీద పోతా వస్తా ఉంటారు. నేను టూరింగ్ గురించి రాస్తున్నా గానీ ఆ రోడ్డు మొదట ఆ పిల్లలది, మడికి పోయే రైతుది, నా లాంటోడు తర్వాత. నిశ్శబ్దంగా ఉండే రోడ్డు నాకు మంచిదైతే వాళ్ళకి ఇంకా మంచిది. గుంతలు పూడ్చండి, అంచులు సరిచేయండి, వంకల మీద కల్వర్టులు గట్టిగా కట్టండి, వెడల్పు మాత్రం చేయొద్దు. మెయిన్ రోడ్డు కావాల్సిన బండ్లకి హైవేలు ఉన్నాయి కదా.

ఇది చదివి సైకిల్ తీద్దాం అనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. గేర్ సైకిలే ఉండాలని ఏమీ లేదు, మొదట గుడిమల్లం పోండి, రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా, దారంతా చదునే, పాపానాయుడుపేటలో గాజు పూసలు చేస్తారు, గుడిమల్లం పరశురామేశ్వరుడి లింగం క్రీస్తుకు పూర్వం నాటిదని చెప్తారు, అంత పాత గుడి ఊరి మధ్యలో ఎంత నెమ్మదిగా ఉంటుందో. కాళ్ళు అలవాటయ్యాక పుత్తూరు, నారాయణవనం మీదుగా కైలాసకోన, కానీ పుత్తూరు దాకా చెన్నై రోడ్డు మీద తొక్కొద్దు, రైల్లో పోయి అక్కడినుంచి అద్దె సైకిల్ దొరికితే సరే, లేదంటే సైకిల్‌ని ఆటోలో వేసుకోండి. అవమానం ఏమీ లేదు దాంట్లో. తలకోనకి కూడా అంతే, భాకరాపేట ఘాట్ మలుపుల్లో లారీల మధ్య సైకిల్ వద్దే వద్దు, ఘాట్ దాటాక దిగి నెరబైలు వైపు తొక్కితే అడవి, పొలాలు, ఏటి చప్పుడు. రోడ్డు పక్క పల్లేరుకాయలు, కంప ముళ్ళు ఉంటాయి కాబట్టి స్పేర్ ట్యూబు, పంపు, ప్యాచీలు లేకుండా బయల్దేరొద్దు. కుక్కలు వెంటబడితే స్పీడు పెంచకండి, దిగి సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని నడవండి, చాలావరకు అవే వెనక్కి పోతాయి.

సీజన్ మాటకొస్తే నవంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా. మన చెరువులు నిండేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఈశాన్య వానలకి, అవి తగ్గాక పోవాలి, వాన పడతా ఉన్నప్పుడు కోనల్లోకి దిగొద్దు, పైన ఎక్కడో పడ్డ వాన నిమిషాల్లో కిందికొస్తుంది, ఫారెస్టు వాళ్ళు గేటు మూసుంటే వాళ్ళతో వాదించొద్దు. జూన్, జులైలో చిత్తూరు వైపు తోతాపురి మామిడికాయల లోడ్లతో ట్రాక్టర్లు, లారీలు గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర క్యూ కట్టుంటాయి, ఆ నెలల్లో ఆ రోడ్లు రైతులకి వదిలేయడం మర్యాద. అడవి అంచున తెల్లవారకముందు, పొద్దుగూకినాక తొక్కొద్దు, చిరుతలు ఉన్నాయి, చంద్రగిరి, పాకాల వైపు ఏనుగులు పొలాల మీద పడిన సంగతి మీ పేపర్లోనే చదివాం, అందుకే పొద్దున టీ కొట్లో అడిగి కదలడం మంచిది, ఏ గుంపు ఏ గుట్ట వెనక ఉందో వాళ్ళకి తెలిసినట్టు ఏ యాప్‌కీ తెలియదు.

అధికారులని నేను అడిగేది చాలా చిన్నది. రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్, టూరిజం, ఫారెస్టు, ఈ నలుగురూ ఒకసారి కూర్చుని చెరువుల్నీ కోనల్నీ కలిపే లోపలి రోడ్లు కొన్ని ఎంచుకుని, తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో సైకిల్ బొమ్మ బోర్డులు పెట్టించాలి. తమిళం ఎందుకంటే చెన్నై నుంచి శని ఆదివారాలు వచ్చేవాళ్ళు ఎక్కువ. ఆ రోడ్లలో స్కూలు టైములో టిప్పర్లు తిరగకుండా చూడాలి, మిగిలిన చింతచెట్లకి నంబర్లు వేసి కాపాడాలి. తలకోన లాంటి చోట్ల సైకిల్ మీద వచ్చినవాళ్ళు సైకిల్ ఎక్కడ పెట్టాలో, ఎంతవరకు తొక్కనిస్తారో గేటు దగ్గర రాసి పెడితే చాలు. రాత్రి ఉండడానికి కొత్త కాటేజీలు అక్కర్లేదు, ఊళ్ళల్లో ఖాళీగా ఉన్న మిద్దెలున్నాయి, సంగటి, ఊరిబిండి పెట్టే తల్లులున్నారు, మహిళా సంఘాలకి ఆ అవకాశం ఇస్తే నాలుగు డబ్బులు ఊళ్ళోనే ఉంటాయి.

మీ పేపర్ని అడిగేది కూడా ఒకటుంది. ఆదివారం జిల్లా పేజీలో ఒక మూలన వారానికి ఒక దారి చిన్న మ్యాపు వేసి ప్రచురించండి, చెరువు పేరు, కోన పేరు, మధ్యలో ఊళ్ళు, నీళ్ళు దొరికే చోటు, టిప్పర్లు తిరిగే టైము. మొదటి నాలుగైదు దారులు నేను తొక్కి చూసి రాసి పంపిస్తాను, డబ్బులేమీ వద్దు. తర్వాత పుంగనూరు, పలమనేరు, శ్రీకాళహస్తి, సూళ్ళూరుపేట వైపు పాఠకులు వాళ్ళ వాళ్ళ చెరువుల దారులు పంపిస్తారని నాకు నమ్మకం ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు, తిరుపతి