మాయ కిందికి ఉందంటే

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన స్కాన్ రిపోర్టు రాత్రి తీరిగ్గా రెండుసార్లు చదివాను. మొన్న ఫోన్‌లో నీ గొంతు వింటేనే ఎంత టెన్షన్ పడుతున్నావో అర్థమైంది. హడావిడిగా ఫోన్‌లో చెప్పేవి కావని ఇలా రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు.

ముందు ఆ "మాయ కిందికి ఉంది" అన్న మాట సంగతి. మాయంటే గర్భసంచి గోడకి అతుక్కుని, బొడ్డుతాడు ద్వారా బిడ్డకి పోషణ అందించే భాగం (ప్లాసెంటా). ఐదో నెల స్కాన్‌లో చాలామందికి మేం స్కాన్ చేసేవాళ్లం ఇలాగే రాస్తాం రా. వాళ్లలో ఎక్కువమందికి నెలలు నిండేసరికి పైకి వెళ్లిపోతుంది. వెళ్లిపోతుందంటే మాయ అతుక్కున్న చోటు వదిలి కదులుతుందని కాదు. గర్భసంచి కింది భాగం రానురాను సాగుతుంది కదా, దాంతో మాయ అంచు కింద బిడ్డ బయటికొచ్చే ముఖద్వారానికి దూరమవుతుంది. ఆ దూరం 20 మిల్లీమీటర్లు దాటితే మాకు నిశ్చింత. చెల్లెమ్మకి 28 వారాలకి 12 ఉంది. 32 వారాలకి మళ్లీ కొలిపించు, అప్పటికీ దగ్గరగానే ఉంటే 36కి ఇంకోసారి.

ఈ కొలత యోని ద్వారా లోపలి నుంచి చేసే స్కాన్‌లోనే సరిగ్గా తేలుతుంది. తను భయపడి వద్దందని చెప్పావు. ప్రోబ్ (లోపల పెట్టే స్కాన్ కడ్డీ) తగిలి బ్లీడింగ్ అవుతుందేమోనన్న ఆ భయం నేను రోజూ చూస్తాను. అది ముఖద్వారంలోకి వెళ్లదు, ఇవతలే ఆగుతుంది. మాయ కిందికి ఉన్నవాళ్లకి కూడా సురక్షితమే. పొట్ట మీంచి చూస్తే ఒక్కోసారి బిడ్డ తల అడ్డొచ్చి అంచు కనబడదు. మూత్రాశయం బాగా నిండి ఉంటే గర్భసంచి నొక్కుకుపోయి, లేని సమస్య ఉన్నట్టు కనిపిస్తుంది. తనని ఒప్పించరా, దయచేసి.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది ఇంకొకటి. మొదటి కాన్పు సిజేరియన్. ఇప్పుడు మాయ ముందువైపు, కిందికి ఉంది, అంటే పాత కోత ఉన్న చోటికి దగ్గర్లోనే. అలాంటప్పుడు మాయ ఆ మచ్చలోకి పాతుకుపోయి, కాన్పయ్యాక ఊడిరాకుండా విపరీతంగా రక్తం పోయే ప్రమాదం ఉంటుంది. రిపోర్టులో దీని గురించి ఒక్క ముక్క కూడా లేదు, నాకు అది నచ్చలేదు. ఈసారి నువ్వే అడుగు: మాయకీ గర్భసంచి కండరానికీ మధ్య ఉండాల్సిన సన్నటి నల్లగీత కనిపిస్తోందా? మాయలో పురుగు తొలిచినట్టు రక్తపు గుంటలు ఉన్నాయా? మూత్రాశయం గోడ గీత తెగకుండా ఉందా? రక్తం పారే తీరుని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ కూడా పెట్టి చూడమను. అనుమానం ముందే తెలిస్తే రక్తం, అనుభవమున్న సర్జన్లు, మత్తు డాక్టరు అందరూ సిద్ధంగా ఉన్న చోట తేదీ పెట్టుకోవచ్చు. ఆపరేషన్ టేబుల్ మీద తెలియడం మాత్రం చాలా ఘోరం. స్కాన్ బాగుందన్నా అనుమానం పూర్తిగా తీరిపోదు, అందుకే ఇవన్నీ తెలిసినవాళ్ల చేతే చేయించు.

బీపీ ఉంది కాబట్టి బొడ్డుతాడులో రక్తప్రవాహం చూసే డాప్లర్ అడిగారు, మంచిదే. మాయ ఆరోగ్యంగా ఉంటే బిడ్డ గుండె కొట్టుకునే రెండు దెబ్బల మధ్య కూడా రక్తం మాయవైపు సాగుతూనే ఉంటుంది. మాయలో నాళాలు దెబ్బతింటే మధ్యలో ఆ ప్రవాహం పలచబడుతుంది, తర్వాత ఆగిపోతుంది, మరీ ముదిరితే వెనక్కి తిరుగుతుంది. తనకి ప్రవాహం బాగుంది, బిడ్డ బరువూ వారాలకి తగ్గట్టే ఉంది. బీపీ ఉన్నంతకాలం ఈ రెండూ మళ్లీ మళ్లీ చూస్తూ ఉండాలి. మాయ ఎంత ముదిరిందో చెప్పే అంకె దగ్గర గ్రేడ్ 2 అని రాశారని కంగారుపడ్డావు కదా, పెరుగుదలా డాప్లరూ బాగున్నప్పుడు దాన్ని నేను పెద్దగా పట్టించుకోను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. బ్లీడింగ్ కనబడినా, పొట్ట రాయిలా గట్టిపడి నొప్పి వదలకపోయినా, బిడ్డ కదలిక తగ్గినా, "నిన్ననే స్కాన్ బాగుందన్నారు" అని ఇంట్లో కూర్చోకండి. మాయ గోడ నుంచి ఊడితే దాని వెనక చేరిన తాజా రక్తం స్కాన్‌లో మాయలాగే కనిపిస్తుంది, ఎంత జాగ్రత్తగా చూసినా దొరక్కపోవచ్చు. ఒకసారి నా కళ్ల ముందే స్కాన్ మామూలుగా వచ్చిన ఒకామెకి, నొప్పి చూసి డాక్టరమ్మ వెంటనే ఆపరేషన్ చేసింది. బిడ్డ బతికింది. ఆ రోజు నేను ఇచ్చిన రిపోర్టు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

32 వారాల స్కాన్‌కి పాత సిజేరియన్ కాగితాలు కూడా తీసుకెళ్లు. రిపోర్టుతో పాటు బొమ్మలు కూడా పంపు, అర్ధరాత్రయినా చూస్తాను.

నీ
మూర్తి